ముప్పై రెండు దాటని కాళ్ళు

పద్నాలుగు మంది క్రీడాకారులు. ఇరవై ఎనిమిది కాళ్ళు. వాటిలో ఒక్కటంటే ఒక్కటి ముప్పై రెండు కిలోలు దాటలేదు.

ఫిజియో ఈ సంగతి గమనించేసరికి ఉదయం తొమ్మిదిన్నరయింది. అప్పటికే పద్నాలుగు ఫిట్‌నెస్ సర్టిఫికెట్ల మీదా ఆమె సంతకం పడింది, డైరెక్టరు ముద్ర పడింది. జట్టు ఎంపిక ట్రయల్స్ ఆ సాయంత్రం నాలుగు గంటలకి.

ఆమె టీ గ్లాసు పక్కకి జరిపి కాగితాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివింది. నడక పోటీ అమ్మాయి, గాలొస్తే ఎగిరిపోయేలా ఉంటుంది: ముప్పై. బరువులెత్తే వాడు, తొడలు అరటి బోదెల్లా ఉంటాయి: ముప్పై ఒకటి. ఇద్దరికీ మధ్య ఒక్క కిలో తేడా.

మోకాలిని చాపే తొడ కండ ఎంత బలంగా ఉందో కొలవడానికి ఆ క్రీడా శిక్షణ కేంద్రంలో పెద్ద కుర్చీ మెషీన్ ఒకటుంది. మనిషిని పట్టీలతో బిగించి, కాలిని మెషీన్‌కి కట్టి, తన్నమంటే చాలు, లెక్క తెర మీద పడుతుంది. మూడు వారాల కిందట దాని లోపలి బోర్డు కాలిపోయింది. కొత్తది ఇదిగో అదిగో అంటూనే ఉన్నారు, ట్రయల్స్ వచ్చిపడ్డాయి. దాంతో ఫిజియో బీరువాలోంచి చిన్న మీటరు తీసింది. సబ్బుబిళ్ళ కంటే కాస్త పెద్దది. బల్ల మీద కూర్చున్న మనిషి కాలికి ముందు వైపు, చీలమండకి కొంచెం పైన దాన్ని అరచేత్తో ఆనించి, తోయమనాలి. కాలు తోస్తుంది, చెయ్యి ఆపుతుంది, మీటరు మీద అంకె పడుతుంది. రెండు రోజులు మోకాళ్ళ మీద కూర్చుని పద్నాలుగు మందినీ అలాగే కొలిచింది. భుజాలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

ఆ భుజాల నొప్పే ఆమెని ఆలోచింపజేసింది.

అదే సమయానికి బరువులెత్తేవాడు బొటనవేలికి టేపు వేయించుకోవడానికి వచ్చాడు. అందరూ వాడిని రోలు అంటారు. పిలిస్తే పలుకుతాడు, కోపం తెచ్చుకోడు.

"రోలూ, అలా కూర్చో. కాలు ఇంకోసారి కొలవాలి."

"నిన్న కొలిచావుగా అక్కా."

"నిన్న ఎంత గట్టిగా తోశావు?"

రోలు తల గోక్కున్నాడు. "నిజం చెప్పమంటావా? సగం. అంతకంటే తోస్తే నువ్వెళ్ళి బీరువాకి తగులుతావేమోనని భయమేసింది."

"ఇప్పుడు భయపడకు." ఆమె వీపు గోడకి ఆనించి, మీటరుని రెండు చేతులతో వాడి కాలి మీద పెట్టింది. "తొయ్."

వాడు తోశాడు. ఆమె మోచేతులు రెండూ పుల్లల్లా మడతపడ్డాయి. మీటరు ఎగిరి ఆమె గడ్డానికి తగిలింది. కింద పడ్డ మీటరు తీసి చూసింది. ముప్పై రెండు.

ఆ ముప్పై రెండు వాడి కాలిది కాదు. ఆమె మోచేతులది. అంతకు మించి ఆ మోచేతులు ఆపలేవు, అంతకు మించి మీటరు చూపించలేదు. రెండు రోజులపాటు ఆమె కొలిచింది తన చేతుల్నే. ఇరవై ఎనిమిది సార్లు.

"దెబ్బ తగిలిందా అక్కా?"

"తగలాల్సిన చోటే తగిలింది. నువ్వు ఇక్కడే ఉండు."

మిగతా పదమూడు మంది గురించి ఆమెకి పెద్ద బెంగ లేదు. వాళ్ళు దెబ్బలు తిన్నవాళ్ళు కాదు. వాళ్ళకిది మామూలు కాగితం. బెంగంతా ఒక్కదాని గురించే. ట్రిపుల్ జంప్ అమ్మాయి. చిన్నప్పుడు ఏ గట్టు కనిపించినా గెంతేదట, అందుకని ఇంట్లో మిడత అన్నారు, ఆ పేరు ఊరంతా పాకింది. పది నెలల కిందట ఎడమ మోకాల్లో లిగమెంటు తెగి ఆపరేషన్ అయింది. మళ్ళీ దూకాలంటే ఆపరేషన్ అయిన కాలి బలం, బాగున్న కాలి బలంలో నూటికి తొంభై పాళ్ళయినా ఉండాలి. మొన్న ఆమె అంకెలు కుడి ముప్పై ఒకటి, ఎడమ ముప్పై. అంటే తొంభై ఏడు పాళ్ళు. మిడత బల్ల మీద నుంచి దిగి ఫిజియోని కావలించుకుంది. అన్నయ్యకి ఫోన్ చేసి ఏడ్చింది.

ఇద్దరు కుస్తీవాళ్ళు ఒకే పసిపిల్లని ఓడిస్తే, ఇద్దరి బలమూ ఒకటేననుకోవడం లాంటి లెక్క అది.

ట్రిపుల్ జంప్‌లో మొదటి గెంతు కుడి కాలి మీద. రెండో అడుగు వచ్చి పడేది ఎడమ కాలి మీదే. పరుగు వేగమంతా, ఒంటి బరువుకి ఎన్నో రెట్లు, ఆ ఒక్క మోకాలి మీద పడుతుంది. కండ ఆపలేకపోతే ఆ భారం కొత్తగా వేసిన లిగమెంటు మీదకి పోతుంది. రెండోసారి తెగితే ఇక గెంతడం సంగతి అటుంచి, మెట్లు ఎక్కడమే లెక్కపెట్టుకోవాలి.

మిడతకి ఫోన్ చేసింది. స్విచ్ఛాఫ్. పోటీ రోజు ఫోన్ ముట్టదు.

* * *

డైరెక్టరు ఆమె చెప్పింది మొత్తం విన్నాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు.

"నిన్న సంతకం పెట్టింది ఎవరమ్మా?"

"నేనే సార్."

"ఇవాళ తప్పంటున్నది?"

"అదీ నేనే."

"మరి ఇద్దరిలో ఎవర్ని నమ్మమంటావు?"

"రెండోదాన్ని. దానికి ఉద్యోగం పోతుందనే భయం కూడా ఉంది, అయినా వచ్చింది."

డైరెక్టరు నవ్వబోయి మానేశాడు. "చూడు. నా దగ్గర ఫైల్లో తొంభై ఏడు అని ఉంది. నీ దగ్గర అనుమానం ఉంది. అనుమానాన్ని ఫైల్లో పెట్టలేను. అంకె తీసుకురా, పెడతాను."

"తెస్తే ఆ అమ్మాయిని తీసేస్తారా?"

"తీసెయ్యను." ఆయన సొరుగులోంచి ట్రయల్స్ నిబంధనల పుస్తకం తీసి, ఒక పేజీ మడిచి ఇచ్చాడు. "ట్రయల్స్ మొదలవకముందే బలం చాలదని పరీక్షలో తేలి, క్రీడాకారిణి తనే సంతకం పెట్టి అడిగితే, ఆరు వారాల్లోపు ఆమెకి విడిగా ట్రయల్ పెడతాం. మొదలయ్యాక దెబ్బ తగిలితే మాత్రం ఈ ఏడాదికి అంతే. మొదటి పేరు పిలిచేది నాలుగింటికి. ఆ లోపు కాగితం నా బల్ల మీద ఉండాలి. అప్పటికి నేను గ్రౌండ్‌లో ఉంటాను."

"సరే సార్."

"ఇంకోటి. ఆ కాగితం వస్తే పద్నాలుగు సర్టిఫికెట్ల గురించీ నీకు మెమో వస్తుంది. తవ్వి తలకెత్తుకుంటున్నావు."

"తవ్వింది మొన్ననే సార్. ఇవాళ ఎత్తుకోవడమే."

* * *

చెయ్యి ఆపలేనిది ఏది ఆపుతుంది? ఇనుము. ఇనుముకీ కాలికీ మధ్య సాగని పట్టీ ఉండాలి. చికిత్స గదిలో ఉన్నవన్నీ సాగే రబ్బరు పట్టీలే.

ఆమె నడవాలో నిలబడి ఆలోచిస్తుంటే స్టోరు గేటు దగ్గర లారీ హారన్ మోగింది. ఆ హారన్ ఆమెకి పుట్టినప్పటి నుంచి తెలుసు. మేనమామది. ట్రయల్స్‌కి హర్డిల్స్, మ్యాట్లు దించడానికి వచ్చాడు.

"మామయ్యా, లోడు కట్టే పట్టీ ఒకటి కావాలి. బిగించే గేరుతో సహా."

మామయ్య లారీ మెట్టు మీద నుంచే కిందికి చూశాడు. "ఎన్ని టన్నులకి?"

"టన్నులు కాదు. ఒక కాలికి."

"ఎవరి కాలు విరగ్గొడతావే కోడలా?"

"విరగకుండా చూడ్డానికే."

ఆయన సీటు వెనక నుంచి పసుపు రంగు పట్టీ చుట్ట తీసి విసిరాడు. "అయిదు టన్నుల పట్టీ. ముప్పావు గంటలో లోడు దింపేస్తాను. కానీ నా చేత్తో కడితేనే అది బిగుస్తుంది, చెబుతున్నాను. మీ అత్తయ్య కట్టిన మూటలు నేను చూశాను."

మొదటి ప్రయత్నం చికిత్స గదిలోనే చేశారు. రోలుని బల్ల మీద కూర్చోబెట్టి, వాడి కాలిని పట్టీతో బల్ల వెనక కోడుకి కట్టి, మధ్యలో మీటరు పెట్టారు. రోలు తోశాడు. ఫట్‌మని బల్ల కోడు విరిగింది. రోలు బల్లతో సహా ఒక పక్కకి ఒరిగాడు.

మామయ్య గంభీరంగా కోడుని పరీక్షించాడు. "పట్టీ బాగానే ఉంది."

"నేనూ బాగానే ఉన్నాను, ఎవరైనా అడిగితే," అన్నాడు రోలు నేల మీద నుంచి.

రెండో ప్రయత్నం వెయిట్ రూమ్‌లో. అక్కడ బరువుల కడ్డీ ఆనించే ఇనుప స్టాండు నేలలోకి బోల్టులతో దిగ్గొట్టి ఉంది. దాని స్తంభానికి బెంచీని వెనక నుంచి ఆనించారు. మామయ్య పట్టీని స్తంభం చుట్టూ, రోలు కాలి చుట్టూ తిప్పి, గేరు కటకటలాడించి బిగించాడు. కాలికీ పట్టీకీ మధ్య మీటరు. ఎముక నొక్కుకోకుండా కింద మడత పెట్టిన తువ్వాలు.

రోలు తోశాడు. మెడ నరాలు ఉబ్బాయి. స్తంభం కదల్లేదు. బెంచీ కదల్లేదు.

డెబ్బై ఎనిమిది.

ఎడమ కాలు డెబ్బై ఆరు.

"ముప్పై ఒకటి కాదన్నమాట," అన్నాడు రోలు కాస్త గర్వంగా. "రాత్రి ఆ అంకె చూసి నాకు నిద్ర పట్టలేదక్కా. నడక పోటీ పిల్ల నన్ను చూసి నవ్వింది."

అప్పటికి ఒంటిగంట దాటింది.

* * *

మిడత స్టేడియం వెనక చిన్న మైదానంలో ఒళ్ళు వేడెక్కించుకుంటోంది. పక్కనే వాళ్ళ అన్నయ్య, చేతిలో స్టాప్‌వాచీ. ఆమెకి అన్నయ్యా ఆయనే, కోచ్ కూడా ఆయనే. ఆమె పదమూడో ఏట నుంచి ఆమె వేసిన ప్రతి అడుగూ ఆయన నోటుబుక్కులో ఉంది.

ఫిజియో చెప్పడం మొదలుపెట్టగానే ఆయన చెయ్యెత్తాడు.

"మొన్న తొంభై ఏడు ఇచ్చారు."

"తప్పు ఇచ్చాను."

"ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది. మొన్న మీటరు బాగుంది, ఇవాళ బాలేదా?"

"మీటరు బాగానే ఉంది. పట్టుకున్నది నేను. నా చేతులు బాలేవు."

"మా చెల్లెలికి ఇరవై తొమ్మిదేళ్ళు ఫిజియో గారూ. ఈ ఏడు జట్టులో లేకపోతే ఇంకో ఏడు లేదు. పది నెలలు మంచం మీద నుంచి ఇక్కడిదాకా ఎలా తెచ్చానో నాకు తెలుసు. ఇంకో రెండు గంటల్లో ట్రయల్ పెట్టుకుని మీరు అనుమానాలు తెస్తారా?"

"పది నిమిషాల పని. తొంభై వస్తే నేనే ఆవిడ షూ లేసులు కడతాను."

మిడత దగ్గరికి జరిగింది. "వస్తానక్కా," అంది. గడ్డిలో కూర్చుని బూట్లు మార్చుకుంటుంటే అన్నయ్య వంగి చెవిలో ఏదో చెప్పాడు. ఆమె తల ఊపింది.

వెయిట్ రూమ్‌కి వచ్చేసరికి రెండుంబావు. బెంచీ మీద కూర్చుని మిడత అంది, "ఎడమ కాలు వేడి మీదుంది. ముందు అదే కొలువు."

మామూలుగా బాగున్న కాలితో మొదలుపెడతారు. అయినా ఫిజియో ఒప్పుకుంది. మామయ్య పట్టీ బిగించాడు. "ఎక్కడైనా నొక్కితే చెప్పమ్మా. లారీలో బస్తాలు నోరు విప్పవు, అలవాటు తప్పింది."

ఎడమ కాలు మూడు సార్లు. నలభై ఆరు. నలభై ఏడు. నలభై ఆరు.

పట్టీ కుడి కాలికి మార్చారు. యాభై. యాభై ఒకటి. యాభై.

రోలు వేళ్ళ మీద లెక్కపెట్టి, "తొంభై రెండు పాళ్ళు. పాసే," అన్నాడు.

అన్నయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఊపిరి వదిలాడు. "అయిందా? ఇక వెళ్ళొచ్చా?"

ఫిజియో కదల్లేదు. అంకెలు చక్కగా ఉన్నాయి. అందులోనే ఏదో తేడాగా ఉంది. ఎడమ కాలు తోసేటప్పుడు మిడత కళ్ళు గట్టిగా మూసుకుంది, పెదవి కొరికింది, చివరికి వణికింది. కుడి కాలు తోసేటప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాయి. ఎదురుగా గోడ వైపు. ఆ గోడంతా అద్దం. బరువులెత్తేవాళ్ళు తమని తాము చూసుకోవడానికి పెట్టింది. ఆ అద్దంలో మిడత కాలు కనిపిస్తోంది, కాలి మీద మీటరు కనిపిస్తోంది, మీటరు మీద తిరగబడ్డ అంకెలు కూడా కనిపిస్తున్నాయి.

అందుకే ఎడమ కాలు ముందు. ఎడమ ఎంతో తెలిస్తే, కుడి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

"ఇంకో మూడు సార్లు," అంది ఫిజియో. భుజం మీది తువ్వాలు తీసి మీటరు మీద కప్పింది.

మిడత ముఖంలో రంగు మారింది. "ఎందుకు?"

"ఊరికే."

నలభై ఒకటి. యాభై ఎనిమిది. అరవై మూడు.

రోలు వేళ్ళు లెక్క మధ్యలో ఆగిపోయాయి.

"ఒకే కాలు," అంది ఫిజియో, "ఒకే నిమిషంలో, నలభై ఒకటి నుంచి అరవై మూడు దాకా. నువ్వు అద్దంలో చూసి తోశావు. అన్నయ్య చెప్పారు కదూ?"

మిడత పళ్ళు బిగించింది. తర్వాత కుడి కాలితో ఎంత కోపంగా తన్నిందంటే గేరు కిర్రుమంది. "చూసుకో. ఇదేగా కావాలి నీకు. చూసుకో."

అరవై నాలుగు. మళ్ళీ తన్నింది. అరవై అయిదు. మళ్ళీ. అరవై నాలుగు.

నలభై ఆరుని అరవై నాలుగుతో భాగిస్తే డెబ్బై రెండు పాళ్ళు. తొంభై కావాలి.

* * *

అన్నయ్య నాలుగు అంగల్లో లోపలికి వచ్చాడు. "ఇది పరీక్షా? లారీ పట్టీ, ఇనుప స్తంభం, డ్రైవరు గారు. దీంతో వచ్చిన అంకె ఏ ఆఫీసులో చెల్లుతుంది? కుడి కాలు అరవై నాలుగని ఈ డబ్బా చెబితే నమ్మాలా? మొన్న ఇదే డబ్బా ముప్పై ఒకటి అంది."

"నమ్మొద్దు," అంది ఫిజియో. "రోలూ, ప్లేట్లు తే."

మీటరుని స్టాండు అడ్డకడ్డీ మీద పెట్టి, దాని మీదుగా పట్టీ వేసి, కిందికి దిగిన రెండు కొసలకీ కలిపి రోలు ఇరవై కిలోల ప్లేటు వేలాడదీశాడు. మీటరు ఇరవై చూపించింది. ఇంకోటి. నలభై. ఇంకోటి. అరవై.

"మీరే వెయ్యండి," అంది ఆమె అన్నయ్యతో. "మేమెవరం చూడం, ఎంతేశారో మీటరే చెబుతుంది."

ఆయన ఒక్క క్షణం ఆగి, అందరినీ అటు తిరగమన్నాడు. ప్లేట్లు మార్చాడు. రోలు కింద ప్లేట్ల వైపు చూడకుండా, పైనున్న మీటరు మాత్రం చదివాడు. "ముప్పై అయిదు." ఆయన వేలాడుతున్న ప్లేట్ల మీది అంకెలు కలుపుకున్నాడు. ఇరవై, పదిహేను. మళ్ళీ మార్చాడు. "నలభై ఆరు." ఈసారి ఇరవై, ఇరవై, అయిదు, ఒకటి. ఆయన ఆ బరువుని కాసేపు చేత్తో పట్టుకుని చూశాడు. చెల్లెలి ఎడమ కాలు మొత్తం బలం అది. పక్కన ఇంకో పద్దెనిమిది కిలోలు పెడితే గానీ కుడి కాలికి సమం కాదు.

గోడ గడియారం మూడు దాటింది.

ఫిజియో దరఖాస్తు రాసింది. రెండు పేరాలు. మొదటి దానిలో తన తప్పు: చేత్తో పట్టి తీసిన కొలతలు చెల్లవు, పద్నాలుగు మందివీ మళ్ళీ తియ్యాలి. రెండో దానిలో మిడత అంకెలు. కింద తన సంతకం పెట్టింది. ఇంకో సంతకానికి చోటు వదిలి, కాగితం బెంచీ మీద పెట్టింది.

మిడత ఆ చోటు వైపు చూడలేదు. "ఆరు వారాల్లో డెబ్బై రెండు తొంభై అవుతుందా?"

"తెలియదు."

"అవుతుందని చెప్పొచ్చుగా."

"మొన్న నీకు తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను. ఏమైందో చూశావుగా."

"అవ్వకపోతే?"

"అవ్వకపోతే ఆ రోజు కూడా ఇలాగే చెబుతాను."

"నువ్వు అక్కవా, శత్రువ్వా?"

"ఆ లెక్క నువ్వు చూసుకో. కాలి లెక్క నేను చూశాను."

రోలు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. మామయ్య వాడి డొక్కలో పొడిచాడు.

మిడత ఎడమ మోకాలిని రెండు చేతులతో చుట్టుకుంది. "అన్నయ్యా, మెట్లు దిగేటప్పుడు ఇది వణుకుతోంది. నెల నుంచీ. నీకు చెప్పలేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వు ఆపేస్తావని."

అన్నయ్య గోడకి ఆనుకున్నాడు. చెల్లెలిని ఆపకూడదని ఆయన కుట్ర పన్నాడు, అన్నయ్య ఆపుతాడని ఆమె దాచింది. ఇద్దరూ కలిసి ఆ మోకాలిని ఇసుక గుంట అంచు దాకా తీసుకొచ్చారు.

"నువ్వు ఏం చేస్తానంటే అది," అన్నాడు ఆయన. "దూకుతానంటే పక్కన నిలబడతాను. సంతకం పెడతానన్నా పక్కనే నిలబడతాను. ఈసారి చెవిలో ఏం చెప్పను."

మిడత చాలాసేపు కూర్చుంది. చాలాసేపు అంటే గడియారంలో పదకొండు నిమిషాలు. ఫిజియో వాటిని ఒక్కొక్కటే లెక్కపెట్టింది, తొందరపెట్టలేదు. మూడూ ముప్పై ఎనిమిదికి మిడత పెన్ను అడిగింది.

* * *

వెయిట్ రూమ్ నుంచి గ్రౌండ్ గేటుకి అయిదు నిమిషాలు. ఫిజియో పరిగెత్తింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను ఆమె మెడలోని కార్డు చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది ఆఫీసు కార్డు మేడమ్. మూడున్నర తర్వాత గ్రౌండ్ పాసు ఉన్నవాళ్ళే."

"డైరెక్టరు గారికి అర్జెంటు కాగితం."

"అందరివీ అర్జెంటే. ఇందాకే ఒకాయన కొడుకు బూట్లు మర్చిపోయాడని వచ్చాడు. ఆయన్నీ పంపలేదు."

డైరెక్టరు ఫోన్ మోగుతోంది, ఎత్తడం లేదు. మైదానం అవతలి ఒడ్డున పందిరి కింద ఆయన బల్ల కనిపిస్తోంది. మైకులో ఎవరో గొంతు సవరించుకున్నారు. మూడూ నలభై తొమ్మిది.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చింది. అన్నయ్యది. మెడలో ఆకుపచ్చ రంగు కోచ్ పాసు.

"ఇటివ్వండి."

ఆమె కాగితం వదల్లేదు. గంటన్నర కిందట ఈ మనిషే అంకె తప్పు రావాలని చెల్లెలికి దారి చెప్పాడు. ఇప్పుడు ఈ కాగితం చించి జేబులో వేసుకున్నా, దారిలో ఆగి ఎవరితోనో మాట్లాడినా, నాలుగు దాటిపోతుంది. మిడత పేరు పిలుస్తారు. పిలిస్తే పరిగెత్తకుండా ఉండే మనిషి కాదు అది.

"నన్ను నమ్మడానికి మీకు కారణం లేదు," అన్నాడు ఆయన. "వేరే దారి కూడా లేదు."

ఆమె వేళ్ళు వదిలాయి.

ఆయన పరిగెత్తలేదు. ట్రాక్ దాటబోతే జెండా పట్టుకున్న అతను ఆపాడు. వంద మీటర్ల పరుగువాళ్ళు సాధన చేస్తూ ముందు నుంచి పోయారు. మూడూ యాభై మూడు. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. జెండా లేచింది. ఆయన దాటాడు. ఇసుక గుంట దగ్గరికి వచ్చేసరికి ఆయన నడక నెమ్మదించింది. గుంట అంచున నిలబడి చదును చేసిన ఇసుకని చూశాడు. పదహారేళ్ళు ఆయన నిలబడ్డ చోటే అది. ఒక పెద్దాయన పలకరించి చేతులు కలిపాడు. ఏదో అడిగాడు. అన్నయ్య తల ఊపాడు.

మూడూ యాభై ఆరు.

అప్పుడు పరిగెత్తాడు. ఎత్తుగా, పొడుగు అంగలతో, ఒకప్పుడు తనూ దూకినవాడే అని దూరం నుంచి చూసినా తెలిసేలా. పందిరి కిందికి వెళ్ళి జేబులోంచి కాగితం తీసి, విప్పి, డైరెక్టరు ముందు బల్ల మీద పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి నిలబడ్డాడు. డైరెక్టరు చదివాడు. తల ఎత్తి గేటు వైపు చూశాడు. ఫిజియో కనిపించిందో లేదో తెలియదు. పెన్ను మూత తీశాడు. సంతకం పెట్టి, పక్కనే టైము వేశాడు.

మైకులో ట్రిపుల్ జంప్ జాబితా చదివారు. ఎనిమిది పేర్లు. తొమ్మిదో పేరు దగ్గర ఆగి, "విడిగా ట్రయల్, నలభై రెండు రోజుల్లోపు," అన్నారు.

గేటు దగ్గర సెక్యూరిటీ అతను అడిగాడు, "మీ కాగితమేనా మేడమ్?"

"నాదే. మెమో కూడా నాదే, వస్తోంది."

* * *

వెయిట్ రూమ్‌కి తిరిగి వచ్చేసరికి మామయ్య, రోలు వెళ్ళిపోయారు. మిడత ఒక్కతే ఉంది. బెంచీ మీద కాదు, నేల మీద. ఏడ్చిన గుర్తులు ముఖం మీద ఉన్నాయి, ఏడుపు లేదు. కిటికీలోంచి మైదానం చప్పుడు వస్తోంది. ఎవరో మంచి దూకు దూకారు, జనం ఒక్కసారిగా అరిచారు. మిడత ఆ చప్పుడు పూర్తయ్యేదాకా ఆగింది.

"చెప్పు," అంది. "ఏం చెయ్యాలి?"

"ఇవాళ విశ్రాంతి తీసుకో. రేపు పొద్దున్న ఆరింటికి..."

"ఇవాళ ఒకటో రోజు. నలభై రెండులో ఒకటి. రేపటికి నలభై ఒకటే మిగులుతాయి. చెప్పు."

ఫిజియో ఆమె వైపు చూసింది. తర్వాత మూలనున్న చెక్కపెట్టెల్లో మోకాలెత్తున్న దాన్ని లాక్కొచ్చి ముందు పెట్టింది. "కూర్చో. కుడి కాలు గాల్లోకి చాపు. చేతులు ఎక్కడా ఆనించకుండా, ఎడమ కాలు ఒక్కదాని మీదే లే. నెమ్మదిగా కూర్చో. దబ్బున పడితే లెక్కలోకి రాదు. మోకాలు లోపలికి వాలినా రాదు."

మిడత కూర్చుంది. కుడి కాలు చాపింది. లేవబోయింది. సగంలో ఎడమ మోకాలు వణికి, లోపలికి వాలి, ఆమె పెట్టె మీద దబ్బున పడింది.

"ఇది రాదు," అంది ఫిజియో.

"తెలుస్తోంది."

రెండోసారి ఇంకాస్త పైకి లేచింది. పడింది. మూడోసారి అసలు లేవలేదు. నుదుటి మీద చెమట పట్టింది. ఈ ఉదయం దాకా ఇదే మనిషి, తను దూకడానికి సిద్ధంగా ఉన్నానని అనుకుంది. అందరూ అదే అనుకున్నారు.

తలుపు చప్పుడైంది. అన్నయ్య లోపలికి వచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. గోడకి ఆనుకుని కింద కూర్చుని, జేబులోంచి నోటుబుక్కు తీసి, కొత్త పేజీ తిప్పాడు.

మిడత పెట్టెని చిన్నదానితో మార్చమనలేదు. పాదం ఒక అంగుళం వెనక్కి జరుపుకుంది. ఊపిరి బిగబట్టి, మోకాలిని కాలివేళ్ళ వైపే గురిపెట్టి, లేచింది. కాలు మొత్తం గాలికి ఊగే తీగలా వణికింది. ఆగలేదు. పైదాకా లేచి, నిలబడి, వణుకుతూనే, అంతే నెమ్మదిగా కిందికి వచ్చి కూర్చుంది.

అన్నయ్య ఫిజియో వైపు చూశాడు. ఆమె తల ఊపింది.

"ఒకటి," అన్నాడు ఆయన, రాసుకుంటూ.